డ్రైవరు సీట్లో బ్రేకమ్మ

కన్నవాళ్ళు ఆమెకు మంచి పేరే పెట్టారు. కానీ డ్రైవింగ్ స్కూల్లో ఆ పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె బ్రేకమ్మే.

స్కూలు బండిని ఎప్పుడైనా చూశారా? అందులో డ్రైవరు సీటు దగ్గర ఉండాల్సినవన్నీ ఉంటాయి. పక్క సీట్లో నేర్పేవాళ్ళ కాళ్ళ దగ్గర మాత్రం ఒక క్లచ్చి, ఒక బ్రేకు ఉంటాయి. యాక్సిలరేటరు ఉండదు. అంటే నేర్పేవాళ్ళు బండిని ఆపగలరే తప్ప ముందుకు తోలలేరు. ఆ పక్క సీట్లో ఏళ్ళ తరబడి కూర్చుని కూర్చుని ఆమె కుడికాలు బ్రేకు తప్ప మరో లోకం ఎరగనిదైపోయింది. బస్సులో కూర్చున్నా నేలను తొక్కుతుంది. టీవీలో రెండు కార్లు తరుముకుంటుంటే సోఫాలో కూర్చుని తొక్కుతుంది. ఆఖరికి లిఫ్టు కిందికి దిగుతున్నా తొక్కుతుంది. "ఆ కాలు కాస్త పక్కన పెట్టవే అమ్మాయ్, గచ్చు అరిగిపోతోంది" అని అత్తగారు రోజుకోసారి అనకపోతే ఆ ఇంట్లో పొద్దు గడవదు.

నేర్పడంలో మాత్రం ఆమెకు ఆమే సాటి. బండి పేరు చెబితేనే ఒళ్ళు చెమటలు పట్టేవాళ్ళని, వేరే స్కూళ్ళలో తిట్లు తిని పారిపోయి వచ్చినవాళ్ళని, స్కూలు యజమాని ఏరి మరీ ఆమెకు అప్పగించేవాడు. ఆమె బండిలో ఒక పద్ధతి ఉంది. అక్కడ తిట్లు నిషేధం. ఆమె ఎలాగూ తిట్టదు, నేర్చుకునేవాళ్ళు తమని తాము తిట్టుకోవడానికి కూడా వీల్లేదు.

ఒకసారి ఒక బ్యాంకు గుమాస్తా సిగ్నలు దగ్గర బండి ఆపేసుకున్నాడు. పచ్చ లైటు వెలిగింది, ఇంజిన్ మాత్రం వెలగలేదు. వెనక హారన్ల గోల. ఆయన నెత్తి కొట్టుకుని "ఛీ, నా అంత దద్దమ్మ ఇంకెక్కడా ఉండడు" అన్నాడు.

"బండి పక్కకి తీయండి" అంది బ్రేకమ్మ.

తీశాడు. హ్యాండ్ బ్రేకు వేయించింది. నీళ్ళ సీసా ఇచ్చి రెండు గుక్కలు తాగించింది.

"ఇప్పుడు చెప్పండి. మీ స్నేహితుడికి ఇలా బండి ఆగిపోతే ఏమంటారు?"

"ఏమంటాను? పోనీలేరా, మళ్ళీ స్టార్ట్ చెయ్యి అంటాను."

"మరి మీరేం పాపం చేశారండీ? అదే మాట మీకూ చెప్పుకోండి. పైకే, నాకు వినపడేలా."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పెళ్ళిచూపుల్లో కూర్చున్నవాడిలా తల దించుకుని, "పోనీలేరా, మళ్ళీ స్టార్ట్ చెయ్యి" అని తనకు తాను చెప్పుకున్నాడు. చెప్పి నవ్వాడు. ఆ తరవాత ఆయనకు బండి ఆగలేదని కాదు. ఆగింది, చాలాసార్లు ఆగింది. ఆగినా మనిషి ఆగిపోలేదు. మొదటి పరీక్షలోనే లైసెన్సు తెచ్చుకుని స్కూల్లో అందరికీ టీలు తాగించాడు.

ఇంతవరకూ వింటే ఈమెకేం, హాయిగా ఉంటుందనిపిస్తుంది. దీపం కింద చీకటి అని ఊరికే అన్నారా?

ఆమె లోపల ఒక నాలుక ఉంది. ఆమె లేవకముందే అది లేస్తుంది. గ్యాస్ కట్టేశావా? కట్టేశానని ఎలా అనుకుంటున్నావు, నీ మతిమరుపు నీకు తెలియదా? తాళం వేశావా? నిన్న యజమాని నీతో ముభావంగా ఉన్నాడు, నువ్వేం వాగావో గుర్తు తెచ్చుకో, మొద్దు మొహమా. మొద్దు మొహం అని మొదట ఆమెను ఎవరన్నారో ఆమెకే గుర్తులేదు. అన్నవాళ్ళు ఏనాడో మరిచిపోయి ఉంటారు. ఆమె మాత్రం ఆ మాటను వారసత్వంలా దాచుకుని రోజూ వాడుకుంటోంది. గుండె దడదడలాడేది, చేతులు చల్లబడేవి. డాక్టరు దానికి ఆందోళన అని పేరు పెట్టి, మాత్రలిచ్చి, నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం నేర్పాడు. గుండె మాట విన్నది. నాలుక వినలేదు.

దేవుడి ముందు కూర్చున్నా అదే వరస. కళ్ళు మూసుకోవడం ఆలస్యం, నిన్న చేసిన తప్పులన్నీ ఏకరువు పెట్టేది. పిల్లకాయలా దణ్ణం పెట్టుకుని, ఫలానాది మరిచిపోయాను, ఫలానా ఆవిడతో విసుగ్గా మాట్లాడాను, నేనింతే, నాకు బుద్ధి రాదు అని గొణుక్కునేది. భర్తది కళ్ళజోళ్ళ దుకాణం, గొంతు పెంచి ఎరగని మనిషి. ఒకరోజు ఆయన పక్కనుంచి విని, "ఇదిగో, దేవుడి దగ్గరికి వెళ్ళేది చాడీలు చెప్పడానికా? అదీ నీ మీద నువ్వే?" అన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది గానీ మర్నాడు మళ్ళీ చాడీలే.

అన్నిటికంటే పెద్ద రహస్యం ఒకటుంది, అది ఇంట్లో తప్ప ఎవరికీ తెలియదు. ఊరందరికీ బండి నేర్పే ఈ మనిషి బండి నడపదు. కొన్నేళ్ళ క్రితం ఒక మామూలు రోడ్డు మీద, మామూలు మధ్యాహ్నం, ఏ కారణమూ లేకుండా ఆమె గుండె గుర్రంలా పరుగందుకుంది. చచ్చిపోతున్నాననుకుంది. బండి పక్కన ఆపి భర్తకు ఫోను చేసింది. అప్పటినుంచి డ్రైవరు సీటు ఎక్కలేదు. పక్క సీట్లో ఏ భయమూ లేదు, అక్కడ ఎదుటివాళ్ళ భయం చూసుకోవడంతోనే సరిపోయేది, ఆ కాసేపూ లోపలి నాలుక కిక్కురుమనేది కాదు. పొద్దున బస్సులో స్కూలుకు వచ్చేది. నేర్చుకునేవాళ్ళే బండి తీసేవాళ్ళు, వాళ్ళే తెచ్చి పెట్టేవాళ్ళు. అనుమానం రావడానికి సందే లేదు.

అలాంటిది ఒక సోమవారం యజమాని అందరినీ పిలిచి చల్లగా చెప్పాడు.

"పైనుంచి ఆర్డరు వచ్చింది. ఇకనుంచి నేర్పేవాళ్ళు కూడా అధికారిని పక్కన కూర్చోబెట్టుకుని బండి నడిపి చూపించాలట. తప్పితే నేర్పే లైసెన్సు రద్దు. మనకేం భయం? మన బ్రేకమ్మ ఉండగా!"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. గుండెల్లో రాయి పడిన చప్పుడు బయటికి వినిపించలేదు కాబట్టి సరిపోయింది. ఆ లైసెన్సు పోతే పోయేది జీతం ఒక్కటే అయితే ఆమె ఇంత బెంగపడేది కాదు. రోజు మొత్తంలో తాను తనతో పోట్లాడకుండా ఉండే చోటు ఆ పక్క సీటు ఒక్కటే. అది పోతే ఇక ఆ నాలుకతో పగలంతా కాపురం చేయాలి.

ఆదివారం యజమానిని అడిగి బండి తీసుకుని, ఎవరూ లేని మైదానానికి ఇంటివాళ్ళు ముగ్గురూ వెళ్ళారు. మైదానం దాకా తోలింది భర్తే. అక్కడ ఆమె డ్రైవరు సీట్లోకి మారింది, ఆయన నేర్పేవాళ్ళ సీట్లో కూర్చున్నాడు. వెనక అత్తగారు. "మీరెందుకు అత్తయ్యా?" అంటే, "మీరిద్దరూ పోతే నాకు టీ ఎవరు పెట్టిస్తారు? పోతే ముగ్గురం పోదాం" అని చీర సర్దుకుని కూర్చుంది.

ఇంజిన్ స్టార్ట్ అయింది. గేరు పడింది. క్లచ్చి వదిలింది. బండి ఒక్క ఊపు ఊగి ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేసింది, మళ్ళీ ఊగి ఆగింది.

"కదలడం లేదేంటి?" అన్నాడు భర్త.

కిందికి చూసింది. కుడికాలు యథాప్రకారం బ్రేకు మీదే ఉంది. ఏళ్ళ అలవాటు, దాని తప్పేముంది? కాలు తీసి యాక్సిలరేటరు మీద పెట్టింది. అయినా కదల్లేదు. అటు తిరిగి చూస్తే, ఆయన సాయం చేస్తున్నాననుకుని తన పక్క బ్రేకును శక్తికొద్దీ తొక్కి పట్టుకుని కూర్చున్నాడు.

"అలా తొక్కితే ఎలా కదులుతుందండీ?"

"నువ్వు గట్టిగా పట్టుకోమన్నావుగా!"

"సీటు బెల్టు పట్టుకోమన్నాను."

వెనకనుంచి అత్తగారు, "ఒక బండికి రెండు బ్రేకులు, రెండూ మీ మొగుడూ పెళ్ళాలే తొక్కితే అది పాపం ఎటు పోతుంది?" అంది.

ఆయన కాలు తీశాక బండి కదిలింది. నత్తనడకన మైదానం చివరిదాకా వెళ్ళింది. మలుపు దగ్గర ఆగిపోయింది. అంతే, ఆమె స్టీరింగు మీద అరచేత్తో కొట్టి పైకే అనేసింది.

"మొద్దు మొహమా! ఊరందరికీ నేర్పుతావు, సిగ్గులేదూ! ఎందుకూ పనికిరావు నువ్వు!"

వెనక సీట్లోంచి ఒక తల ముందుకు వంగింది.

"ఎవరినే అమ్మాయ్?" అంది అత్తగారు.

"నన్నే అత్తయ్యా."

"హమ్మయ్య, నన్నేమో అనుకున్నా." ముసలావిడ మళ్ళీ అందుకుంది. "అయినా ఇదేం న్యాయమే? అత్తగారినై ఉండీ నిన్ను నేనే ఇన్ని మాటలు అనలేదు. నా ఉద్యోగం కూడా నువ్వే చేసేసుకుంటే ఇక నేనెందుకు ఈ ఇంట్లో?"

భర్త పకపకా నవ్వాడు. ఆమెకూ నవ్వాగలేదు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. మరో నాలుగు చుట్లు తిప్పారు. బండి నడుస్తోంది, అది నిజమే. కానీ అది మైదానం. ఎదురుగా బస్సులు రావు, పక్కన అధికారి ఉండడు.

పరీక్షరోజు పొద్దున దేవుడి ముందు కూర్చుంటే చాడీలు కూడా సరిగ్గా రాలేదు, నోరు అంతగా ఎండిపోయింది. "ఈసారికి గట్టెక్కించు" అని మాత్రం అంది. అత్తగారు గుమ్మం దాకా వచ్చి, "రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరవడమెందుకు, పోయిరా" అంది. అది ధైర్యం చెప్పడమో భయపెట్టడమో తేల్చుకోకుండానే ఆమె బయల్దేరింది.

బండి తోలుకొచ్చింది యజమాని. లైసెన్సుల ఆఫీసు ఆవరణలో దాన్ని ఆపి, తాళంచెవి దానికే వదిలి, టీ కోసం వెళ్ళిపోయాడు. ఆమె దిగి, సంతకాలు చేసి, చెట్టు నీడన వరసలో నుంచుంది. అరచేతుల చెమటను చీరకు తుడుచుకుంటూనే ఉంది. పిలుపు వచ్చింది. కాళ్ళు గబగబా బండివైపు నడిచాయి. తలుపు తీసింది, కూర్చుంది, బెల్టు పెట్టుకుంది.

ఏ తలుపో చూడలేదు. రోజూ తీసే తలుపే తీసింది, రోజూ కూర్చునే సీట్లోనే కూర్చుంది.

అధికారి లావుపాటి మనిషి. పొద్దుటినుంచి ఎండలో ఎక్కి దిగి అలిసిపోయి ఉన్నాడు. చేతిలోని కాగితాల మీద ఏదో రాసుకుంటూ వచ్చి, ఖాళీగా ఉన్న ముందు సీటు తలుపు తీసి ఎక్కాడు. తన పక్కన ఒక మనిషి డ్రైవరు సీట్లో కూర్చోగానే బ్రేకమ్మ గొంతు దానంతటదే మారిపోయింది. వణుకు లేదు, తడబాటు లేదు.

"రండి, కూర్చోండి. సీటు కాస్త ముందుకు జరుపుకోండి. కాళ్ళు అందుతున్నాయా?"

ఆయన కాగితాలు ఒళ్ళో పెట్టుకుని సీటు జరుపుకున్నాడు. "అందుతున్నాయండీ."

"అద్దంలో వెనక రోడ్డు కనిపిస్తోందా?"

"కొంచెం పైకి ఉన్నట్టుంది."

"ఫరవాలేదు, సరిచేసుకోండి. నిదానంగా. మనకేం తొందర లేదు."

ఆయన అద్దం సరిచేశాడు. బెల్టు పెట్టుకున్నాడు. గేరు మీద చెయ్యి వేశాడు. అప్పుడాగి, ఒకసారి చేతిని, ఒకసారి స్టీరింగును, ఒకసారి ఆమెను చూశాడు.

"అమ్మా, పరీక్ష నాదా, మీదా?"

ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. "అయ్యో! క్షమించండి సార్! అలవాటులో... నా మతి మండ..."

ఆయన నవ్వు మొదలుపెట్టాడు. పొట్ట కదిలేలా నవ్వి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ నవ్వాడు. "నాకు బండి నేర్పినాయన కర్ర పెట్టుకుని మోకాలి మీద కొట్టేవాడమ్మా. మీరు చెప్తుంటే ఎంత హాయిగా ఉందో! అందుకే బుద్ధిగా అద్దం కూడా తిప్పుకున్నాను. దిగండి, దిగండి, సీట్లు మారదాం."

మారారు. సీటు మారగానే మనిషీ మారిపోయింది. లోపలి నాలుక దొరికిందే సందని విజృంభించింది. అధికారి ముందు పరువు తీశావు, ఇప్పుడు బండి కూడా ఆపేస్తావు, చూస్తూ ఉండు. ఆవరణ దాటారు. మొదటి ఎత్తు మీద, నాలుగు రోడ్లు కలిసేచోట, నాలుక చెప్పినట్టే బండి ఆగిపోయింది. వెనక లారీ హారను.

"మొద్దు మొహమా!" అనేసింది, పైకే. "నీకెందుకే ఈ పని! ఇంట్లో పడుండక!"

అధికారి రాయడం ఆపాడు. వెనక సీటు వైపు తొంగిచూసి, మళ్ళీ ఆమె వైపు తిరిగాడు.

"ఇందాక నాతో మాట్లాడినావిడ ఎటు వెళ్ళారమ్మా? ఆవిణ్ణి కాస్త పిలుస్తారా?"

ఆయన వేళాకోళానికే అన్నాడు. కానీ ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. నిజమే, ఆవిడ ఎటు వెళ్ళింది? ముక్కూమొహం తెలియని ఈయనకు అద్దం పైకుంటే ఫరవాలేదు, మనకేం తొందర లేదు అని చెప్పిన మనిషి, ఒక్క సీటు ఇటు జరిగేసరికి ఎలా మాయమైంది? గుమాస్తాను అడిగిన ప్రశ్న ఇన్నేళ్ళలో తనను తాను ఒక్కసారీ అడగలేదు. నేనేం పాపం చేశాను?

బండి స్టార్ట్ చేసింది. చెయ్యి వణికింది, వణకనిచ్చింది.

"సార్, ఒక్క నిమిషం పక్కకి ఆపుకోవచ్చా? మా బండిలో ఒక పద్ధతి ఉంది."

"ఆపుకోండి. ఆపడం కూడా డ్రైవింగే."

పక్కకు తీసింది. హ్యాండ్ బ్రేకు వేసింది. నీళ్ళు తాగింది. కళ్ళు మూసుకుంది. ఇన్నాళ్ళూ తన పక్కన ఉన్న ఆ దేవుడు తప్పులు రాసుకుంటున్నాడనే అనుకుంది, అందుకే రోజూ ముందుగా తానే ఒప్పుకునేది. తాను పక్క సీట్లో కూర్చుని ఏం చేస్తుంది? అవసరమైతే ఉంటుందని బ్రేకు మీద కాలుంచి, నోటితో ఫరవాలేదంటుంది. ఒక మామూలు మనిషి, జీతానికి పనిచేసే మనిషి, అంత దయగా ఉండగలిగితే, దేవుడు అంతకన్నా తక్కువ దయగలవాడా? ఆ ఆలోచన వచ్చేసరికి ఆమెకు గుండెల మీదినుంచి ఏదో దిగినట్టయింది. భయం పోలేదు. పోకపోయినా ఫరవాలేదనిపించింది.

తర్వాత పైకే, అధికారి వింటున్నాడని తెలిసీ, తాను బండి నేర్పే గొంతుతో చెప్పుకుంది.

"ఫరవాలేదమ్మా. బండి ఆగింది, అంతే. నీకు భయంగా ఉంది. భయంగా ఉన్నా ఇంతదూరం తెచ్చావు. మళ్ళీ స్టార్ట్ చేద్దాం."

అధికారి ఆ కాసేపూ కిటికీలోంచి గోడ మీది సినిమా పోస్టరును ఎంతో శ్రద్ధగా చూశాడు.

మిగతా దారంతా ఆమె నడిపింది. గొప్పగా నడిపిందని అబద్ధం చెప్పను. ఒక మలుపు వెడల్పుగా తీసుకుంది, ఒకచోట గేరు మార్చడం ఆలస్యమైంది. ఆవరణలోకి వచ్చి ఆపాక అధికారి కాగితం మీద సంతకం చేశాడు.

"బండి ఆగినందుకు మార్కు తీసేశాను. సరిగ్గా పక్కకి ఆపినందుకు వేశాను. పాసయ్యారు. ఇంకో మాట. మా ఆవిడ నేర్చుకుంటానంటోంది. నేను నేర్పితే ఇంట్లో యుద్ధమే. మీ దగ్గరికి పంపనా?"

"పంపండి సార్. తిట్టకుండా మాత్రం పంపండి."

సాయంత్రం యజమాని బండి తాళం ఆమె చేతిలోనే పెట్టి, ఇవాళ్టికి ఇంటికి తీసుకెళ్ళమన్నాడు. ఇంటి ముందు బండి ఆపి హారను కొట్టింది. భర్త దుకాణం నుంచి అప్పుడే వచ్చాడు, చెప్పులు కూడా విప్పలేదు. అత్తగారు మాత్రం అరగంట ముందు ఫోనులో కబురు విన్నప్పటినుంచీ ముస్తాబై గుమ్మంలో కూర్చుని ఉంది. ఎక్కడికని ఎవరూ అడగలేదు. ఊరి చుట్టూ ఒక చుట్టు అని ముగ్గురూ బయల్దేరారు. కిటికీలు దించి, గాలికి జుట్టు చెదిరిపోతుంటే భర్త రాని గొంతుతో కూనిరాగం అందుకున్నాడు. ఎన్నాళ్ళకో ఆ ఇంట్లోవాళ్ళు ఊరికే, పనేమీ లేకుండా, సంతోషంగా ఉన్నారు.

మార్కెట్ కూడలిలో, ఆఫీసులు వదిలే వేళ, జనం మధ్య బండి ఆగిపోయింది.

ఒక్కసారిగా చుట్టూ హారన్లు. స్కూటరు మీదినుంచి ఎవరో ఏదో అరిచాడు. అత్తగారు కిటికీలోంచి సగం బయటికి వంగి, కూడలి అదిరిపోయేలా కేక వేసింది.

"ఎందుకురా ఆ అరుపులు? మా కోడలు స్టార్ట్ చేస్తోంది, కనపడడం లేదా? అంత తొందరుంటే ఎగిరి పోండి!"

స్కూటరువాడు బెదిరి పక్కకు తప్పుకున్నాడు. బ్రేకమ్మ నవ్వుతూ తాళంచెవి తిప్పబోయి, అద్దంలో వెనక్కి చూసింది. అంత కేక వేసిన ముసలావిడ వెనక్కి వాలి, రెండు చేతులతో సీటు అంచు పట్టుకుని ఉంది. వేళ్ళు వణుకుతున్నాయి. ఆ వణుకు బ్రేకమ్మకు బాగా తెలుసు. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఆమె దాన్ని ఒక్కసారీ చూడలేదు.

తాళంచెవి మీది చెయ్యి తీసి వెనక్కి తిరిగింది.

"అత్తయ్యా, భయం వేస్తోందా?"

"నాకా? నాకేం భయం!" అంది అత్తగారు. హారన్లు మోగుతున్నాయి. ఆవిడ కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, చిన్నపిల్ల గొంతుతో అంది. "ఎప్పుడూ వేస్తూనే ఉంటుందే అమ్మాయ్. మా రోజుల్లో దానికి డాక్టర్లు లేరు. నోరు పెద్దది చేసుకుంటే ఎవరికీ కనపడదు కదాని చేసుకున్నాను."

భర్త కూనిరాగం ఆగిపోయింది. ఆయన తల్లి వైపు తిరిగి చూశాడు.

"ఫరవాలేదత్తయ్యా" అంది బ్రేకమ్మ. "వేస్తే వేయనివ్వండి. మీరు ఇన్నాళ్ళూ దాంతోనే ఇల్లంతా నడిపారు. మనకేం తొందర లేదు. మీరు సరే అన్నాకే తీస్తాను."

వెనక లారీ హారను మోగింది. ముందున్న దారి ఖాళీ అయింది. ఎవరూ కదల్లేదు. ముసలావిడ ముక్కు చీదుకుంది, చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంది, సీటు అంచు వదిలి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"ఊఁ, తియ్యి" అంది.